తిరిగి చదివి చూడని సీడీ కాపీ కాదు

మన ఇంట్లో ప్రతి పెండ్లిలోనూ ఒక మాట వినిపిస్తుంది: "అవ్వ పాటలు సీడీలో ఉన్నాయిలే." లేవు. మేము పెట్టి చూసినాము.

వల్లూరులో చెనిక్కాయలు పీకేటప్పుడు అవ్వ పాడిన పాటలను చిన్నాయన క్యాసెట్లలో పట్టినాడు. తర్వాత టౌన్‌లో ఒక అంగడిలో సీడీ చేయించి, బీరువాలో పెట్టి, క్యాసెట్లు పారేసినారు. ఇప్పుడు తెరిస్తే పదకొండు ఫైళ్లు కనిపిస్తాయి, నాలుగోదాని దగ్గర డ్రైవ్ గరగరమని ఆగిపోతుంది. అంగడివాణ్ణి తిట్టి లాభం లేదు. తెచ్చిన రోజు చివరిదాకా విన్నవాళ్లు మనలో ఒక్కరూ లేరు.

మేము టెస్టింగ్ చేసి బతికేవాళ్లం, కాబట్టి గట్టిగానే అంటున్నాము: ఫోల్డర్ లాగిపడేసి "బర్న్" నొక్కే పని మానండి. లైనక్స్‌లో కమాండ్ లైన్ తెరవండి. జెన్‌ఐసోఇమేజ్‌తో ఫోల్డరంతా ఒక్క ఇమేజ్ చేయండి, జోలియట్, రాక్ రిడ్జ్ రెండూ పెట్టి. అవి లేకుంటే పాత ఐఎస్ఓ 9660 పద్ధతిలో పేరుకు ఎనిమిది ఇంగ్లీషు అక్షరాలే, తెలుగు పేరు నిలవదు. షా256సమ్‌తో ఇమేజ్ చెక్‌సమ్ తీసి కాగితం మీద రాసుకోండి. వోడిమ్‌తో డిస్కు కాల్చండి. డిస్కు బయటికి తీసి మళ్లీ పెట్టి, డీడీతో చదివి చెక్‌సమ్ తీయండి. ఇమేజ్ సైజును 2048తో భాగిస్తే వచ్చే అన్ని బ్లాకులే చదవాల. చివర ఖాళీ బ్లాకులు కలిస్తే మంచి డిస్కు కూడా తప్పే చూపిస్తుంది. మేమే ఒక పూట దాంతో మోసపోయినాము.

బటన్ల ప్రోగ్రాముల్లోనూ సరిచూసే టిక్కు ఉంది కదా అంటారు. ఉంది. టైమ్ పడుతుందని తీసేసేది మనమే. కమాండ్లయితే కాగితం మీద రాసి డబ్బాలో పెట్టొచ్చు, రేపు పిల్లలు అవే కొట్టొచ్చు. వాట్సాప్ గ్రూపు చాలంటారా? ఫోన్లు మారినప్పుడు ఎన్ని పోయినాయో మీకే తెలుసు. సీడీ శాశ్వతమని మేమూ అనము, దాని పూత ఎండకు చెడుతుంది. రెండు కాల్చి, ఇమేజ్‌ను హార్డ్ డిస్కులోనూ ఉంచండి.

ఇంత పట్టుదల ఎందుకంటే, మేమంతా కన్నడ మీడియం. మన తెలుగు పుస్తకాల్లో లేదు, నోట్లోనే ఉంది. ఆ పాటలు పాడిన చేలు కూడా సోలార్ పార్కులోకి పోయినాయి. తిరుమణి, వల్లూరు చుట్టూ ఐదూళ్లలో దాదాపు 13,000 ఎకరాలు, 2,050 మెగావాట్లు. అంత కరెంటు పుట్టే ఊళ్లో ఒక డ్రైవ్‌ను పది నిమిషాలు తిప్పి చూడలేకపోయినాము.

మేనత్త దగ్గర ఇంకా రెండు క్యాసెట్లు ఉన్నాయంట. చెక్‌సమ్‌లు కలిసేదాకా వాటిని ఎవరూ ముట్టొద్దు.