మూగబోగానే మదర్‌బోర్డు మార్చాలా?
పాత ల్యాప్‌టాప్ మూగబోతే రిపేరు షాపులో ముందు వినిపించే మాట మదర్‌బోర్డు. అంత తొందరెందుకు? ఇయర్‌ఫోన్ పెట్టి చూడండి. అందులో పాట వినిపిస్తే సౌండ్ చిప్ బతికే ఉన్నట్టు. అప్పుడు నా అనుమానం మొదట ఆ జాక్ మీదే. లోపలి చిన్న స్విచ్ దుమ్ముకో తుప్పుకో బిగుసుకుపోతే, ఏమీ పెట్టకపోయినా పెట్టారనుకుని యంత్రం స్పీకర్లను ఆపేస్తుంది. ఇయర్‌ఫోన్‌ను నాలుగైదుసార్లు పెట్టి తీస్తే ఒక్కోసారి అదే వదులుతుంది. (పిన్నీసుతో మాత్రం గెలకొద్దు.) ఇయర్‌ఫోన్‌లోనూ వినిపించలేదా? శబ్దం హెచ్‌డీఎంఐ దారిలో టీవీకి పోతోందేమో సెట్టింగుల్లో చూడాలి, తర్వాత డ్రైవర్ సంగతి. పెన్‌డ్రైవ్‌లోని లినక్స్‌తో నడిపితే మోగిందంటే లోపం విండోస్ వైపే. చిప్పే పోయినా యూఎస్‌బీ సౌండ్ కార్డు కొన్ని వందల రూపాయలకే దొరుకుతుంది. ఇవేవీ చూడకుండా బోర్డు మార్చమనే మెకానిక్ చేతికి నేనైతే ల్యాప్‌టాప్ ఇవ్వను.