మన డీకేటీ భూమికి ధర లేదా?

పుట్టపర్తి ఎదిగిందంటున్నారు. నిజమే. 1990లో విమానాశ్రయం వచ్చింది. 1991లో పెద్దాసుపత్రి వచ్చింది. అక్కడ గుండె ఆపరేషనుకు డబ్బు అడగరు, ఆ మేలు మనవాళ్లూ పొందారు, కాదనం. 2000లో రైల్వే స్టేషను, 2022లో జిల్లా కేంద్రం. పెనుకొండ దగ్గర ఎర్రమంచిలో ఏడాదికి 3 లక్షల కార్లు తీయగల కియా ఫ్యాక్టరీ 2019లో మొదలైంది. ఊరు ఎదిగేకొద్దీ భూమి ధర ఎక్కింది. మరి మన భూమికో?

రోడ్డు రావాలన్నా, కంపెనీ రావాలన్నా ఆఫీసర్ల చూపు ముందు పడేది డీకేటీ భూమి మీదనే. సర్కారు ఇచ్చింది కాబట్టి సర్కారే తీసుకుంటుందంట! ఇచ్చిననాడు అది ఏ భూమి? గుండ్రాళ్లు, ముళ్లకంప, చెరువు నీళ్లెక్కని మిట్ట. మన అవ్వాతాతలు రాళ్లేరి, కంప కొట్టి, చెనక్కాయ వేసే చేను చేసినారు. ఈ కరువు సీమలో పంట దక్కితే దక్కినట్టు, లేకుంటే బెంగుళూరు బస్సెక్కి బేల్దారి కూలికి పోవడమే. రాళ్లేరినప్పుడు మాది, ధర పలికినాక సర్కారుదా?

డీకేటీ భూమి అమ్మరాదు, కొనరాదు అని 1977 చట్టం చెప్పింది. మన భూమి పెద్దోళ్ల పాలు కాకుండా చేసిన చట్టమది. దాన్నే చూపించి ‘మీకు అమ్మే హక్కే లేదు, ధర ఎట్ల అడుగుతారు’ అంటారు. ఈ వాదన 2004లోనే ఓడిపోయింది. మేకల పాండు కేసులో హైకోర్టు ఏడుగురు జడ్జీల బెంచి, ప్రజావసరానికి డీకేటీ భూమి తీసుకుంటే సొంత పట్టా రైతుకిచ్చినంత పరిహారం ఇవ్వాలని తేల్చింది. ఆ తీర్పు ఎన్ని వాడలకు తెలుసు?

2023లో చట్టం మార్చి, 20 ఏళ్లు దాటిన భూమిని అమ్ముకోవచ్చన్నారు. మరుసటేడు అక్రమాలు జరిగాయని ఆ రిజిస్ట్రేషన్లు ఆపినారు. అమ్ముకునే హక్కు మంచిదే అనేవాళ్లు మనలోనూ ఉన్నారు. మాకు మాత్రం భయమే. కరువేడు ఆకలిమీదున్నోడికి అడ్వాన్సు చూపిస్తే వేలిముద్ర పడకుండా ఉంటుందా?

భూములిస్తే ఉద్యోగాలొస్తాయన్న మాటా విన్నాం. చిలమత్తూరు, గోరంట్ల మండలాల్లో లేపాక్షి నాలెడ్జ్ హబ్ పేరిట 8,844 ఎకరాలు పోయినాయి. చెప్పిన హబ్ రాలేదు.

నోటీసొస్తే ఒంటరిగా ఆఫీసుకు పోవద్దు, వాడంతా పోవాల. పట్టా, అడంగల్ నకలు ఇప్పుడే తీసి పెట్టుకోండి. చదివినోడితో చదివించుకోకుండా ఏ కాగితం మీదా వేలు పెట్టొద్దు. పక్క చేని పట్టా రైతుకు ఎకరాకు ఎంతిస్తున్నారో అడగండి. అంతే మనకూ ఇస్తామని రాసిచ్చినాకనే కొలత గొలుసు చేన్లోకి రానియ్యాల.