చీకట్లో తోసేస్తే కలిసిపోవు

మొన్న అల్లవరంలో ఒక పెళ్లి భోజనాల దగ్గర ఓ పెద్దాయన తీర్పు చెప్పేశారు: "కొత్త కోడే కదండీ! రాత్రి గూట్లోకి తోసెయ్యండి, తెల్లారేసరికి అవే కలిసిపోతాయి." పంక్తిలో అందరూ తలూపారు. నాకు ముద్ద దిగలేదు.

నిరుడు మా పక్కింటి వదిన ఈ మాటే నమ్మింది. బండి మీద అమ్మకానికొచ్చిన రెండు నెలల కోడిపిల్లల్ని ఆరింటిని కొని, పాత పెట్టలున్న గూట్లో పెట్టింది. తెల్లారి తలుపు తీస్తే ఒకదాని నెత్తిన తోలు లేదు. రెండు మూలకి నక్కి, మేత దగ్గరికి రాలేక మూడోనాటికి చచ్చాయి. వారం తిరక్కుండా పాతవాటికి కొక్కెర తెగులు తగిలింది. ఆకుపచ్చ రెట్ట, మెలితిరిగిన మెడలు. పదకొండు పెట్టల్లో మిగిలినవి రెండు. టీకాలన్నీ వేశామనే చెప్పాడు అమ్మినవాడు.

ఈ చీకటి చిట్కా ఎక్కడిదో నాకు తెలుసు. పొదుగు మీదున్న పెట్ట కింద రాత్రిపూట ఒకటి రెండు రోజుల పిల్లల్ని జారవిడిస్తే తనవే అనుకుని రెక్కల కిందికి తీసుకుంటుంది. మా నాయనమ్మ అలాగే చేసేది. ఏ పెట్ట పొదుగు మీదుందో, పిల్ల ఎన్నాళ్లదో చూసుకునే చేసేది. ఆ చూపంతా వదిలేసి చీకటొక్కదాన్నే పట్టుకున్నారు మనవాళ్లు! సొంత పిల్లల్నే రెండు నెలలు దాటాక పొడిచి తరిమేసే పెట్ట, సంతపిల్లని ఎందుకు దగ్గరికి తీస్తుంది? ఎవరు ముందు తినాలో, ఎవరు ఎవర్ని పొడవాలో కోళ్లలో ఒక వరస ఉంటుందని 1920ల మొదట్లోనే నార్వే జంతుశాస్త్రవేత్త షెల్డెరప్-ఎబ్బె రాశాడు. కొత్తది వచ్చిన ప్రతిసారీ ఆ వరస మళ్లీ తేలాలి. ఈడూ జోడూ అయితే నాలుగు పోట్లతో తేలుతుంది. పిల్లకి ఆ నాలుగు పోట్లు తట్టుకునే ఒళ్లేదీ?

ఈ మనుషులే సంక్రాంతి పుంజుని ఎలా చూస్తారో చూడండి. వేరే తాడు, వేరే నీడ, బాదంపప్పు, కీమా. రెండు పుంజుల్ని ఒక గూట్లో పెట్టమనండి, కర్ర పట్టుకుని వస్తారు. 1960 నాటి జంతుహింస నిరోధక చట్టం కాదన్న పందేనికి అంత శ్రద్ధ! ఇంట్లో పిల్లలకి గుడ్డు పెట్టే పెట్టకి మాత్రం "తోసెయ్యండి".

కొక్కెర లోపల ఐదారు రోజులు, ఒక్కోసారి రెండు వారాలు కనపడకుండా ఉంటుంది. 2025 ఫిబ్రవరిలో వేల్పూరులో, కానూరు అగ్రహారంలో బర్డ్‌ఫ్లూ అనగానే కోడికూర మానేసి వణికిపోయాం. ఆ భయం సంతలో పిల్లని కొనేటప్పుడు ఏమైంది? పాతవాటి నుంచి పిల్లలకీ ముప్పే. పెద్దకోళ్లు రక్తపారుడు క్రిమిని మోస్తూ కూడా హాయిగా తిరుగుతాయి, ఆ నేలమీద పిల్లలు రాలిపోతాయి. గుడ్లకోళ్ల దాణాలో సున్నం ఎక్కువ, అది పిల్లల మూత్రపిండాలకి చేటు.

కొత్త పిల్లల్ని మూడు వారాలు దూరంగా ఉంచండి. మన మండలంలో రొయ్యల చెరువుల పాత వలలకి కరువా? ఆ మూడు వారాల తర్వాత మధ్యలో అలాంటి వల ఒకటి కట్టి, ఒకదాన్నొకటి చూసుకోనివ్వండి. ఒళ్లు వచ్చాక కలపండి.

ఆ పంక్తిలో ఇద్దరు ఈ వారం సంతకి వెళ్తామన్నారు. డబ్బు తీసేముందు అడగండి: ఈ పిల్లకి కొక్కెర రాకుండా లసోటా టీకా చుక్క ఏ రోజున వేశావయ్యా?