దవడ వెనుక దారి

సాండ్రా కాన్, పాల్ ఎర్లిక్ కలిసి రాసిన 'జాస్' (2018) మంచి ప్రశ్న వేసి, తొందరపాటు జవాబు చెప్పే పుస్తకం. మెత్తటి తిండికి అలవాటుపడి మనిషి దవడ కుంచించుకుపోయిందనీ, నిద్రలో ఊపిరి ఆగే జబ్బుకు మూలం అక్కడే ఉందనీ వారి వాదం. పసితనంలో నమలడం దవడ ఎదుగుదలకు తోడ్పడుతుందంటే ఒప్పుకుంటాను. ఎముక ఎదుగుదల ముగిసిన నడివయస్కుడికి ఈ పుస్తకం ఇచ్చేదేమిటి? నమిలితే దవడ ముందుకొచ్చేదైతే, పొద్దస్తమానం కిళ్ళీ నమిలే యాంగోన్‌లో గురక వినిపించకూడదు.

ఆ వయసులో దవడను శాశ్వతంగా ముందుకు తెచ్చేది శస్త్రచికిత్సే. నాలుక కింది దవడ లోపలివైపు అతుక్కుని ఉంటుంది. మెత్తటి అంగిలి పై దవడను పట్టుకుని వేలాడుతుంది. రెండు దవడలనూ కోసి సుమారు ఒక సెంటీమీటరు ముందుకు జరిపి బిగిస్తే, వెనుకనున్న గాలిదారి విప్పారుతుంది. 2010లో హోల్టీ, గియ్యెమినో 627 మంది ఫలితాలను క్రోడీకరించారు. గంటకు సగటున 64 సార్లు ఆగుతూ, సన్నగిల్లుతూ ఉన్న శ్వాస, 10 సార్ల లోపుకు దిగింది. పూర్తిగా నయమైనవారు మాత్రం సగానికి తక్కువే. కింది పెదవి తిమ్మిరి కొందరికి మిగిలిపోతుంది.

అలాగని దవడకు ఏ శస్త్రచికిత్స చేసినా ఊపిరికి మేలేననుకుంటే అంతకు మించిన ప్రమాదం లేదు. ముందుకు పొడుచుకొచ్చిన కింది దవడను అందం కోసం వెనక్కి నెడితే నాలుకా వెనక్కే పోతుంది, దారి ఇరుకవుతుంది. ఆగ్నేయాసియాలో ఇటువంటి దవడలు ఎక్కువ. వెనక్కి జరిపించుకున్న ప్రతివారికీ జబ్బు వస్తుందనను. కానీ స్థూలకాయం, గురక ఉన్నవారికి ముందుగా నిద్ర పరీక్ష చేయకుండా కత్తి పట్టడం వైద్యం కాదు, ముఖాలంకరణ. పై దవడను కొంత ముందుకు తెచ్చి, కింది దవడను తక్కువగా జరిపే మార్గం ఉండనే ఉంది.

గాలి యంత్రం తగిలించుకుంటే చాలదా అంటారు. 1981లో సిడ్నీలో కాలిన్ సల్లివన్ లోకానికి పరిచయం చేసిన ఆ సాధనం గొప్పదే. కానీ అది కరెంటుతో నడుస్తుంది. మన పెద్దలు రంగమని పిలిచిన ఈ ఊళ్ళో 2021 తర్వాత కరెంటు గంటల లెక్కన వచ్చి పోతోంది. దీపంతోపాటు రోగి ఊపిరికి ఆసరా కూడా ఆగిపోతుంది. కాలిఫోర్నియాలో రాసిన పుస్తకానికి ఈ చీకటి తెలియదు. గురక వినగానే కుంభకర్ణుణ్ణి తలచుకుని నవ్వేసే మనకైనా తెలియాలి.