సెల్లార్ మూలన ఉన్న ఆ గుంట సంగతి చూశారా?

వాన దంచికొడుతుంటే మా అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూపులో మొదట వచ్చే ప్రశ్న ఒకటే: "సెల్లార్‌లో మోటారు నడుస్తోందా?" 2020 అక్టోబరు 13 రాత్రి హైదరాబాద్‌లో ఉన్నవాళ్లకి ఆ కంగారు ఎందుకో చెప్పక్కర్లేదు. ఎన్ని సెల్లార్లలో బైకులు, కార్లు మునిగాయో!

ఇంతకీ ఆ మోటారు ఏం చేస్తుంది? సెల్లార్‌లో బాగా పల్లంగా ఉన్న మూలన ఒక గుంట ఉంటుంది. మంచినీళ్ల సంపు వేరు, ఇది వేరు. ర్యాంపు మీంచి జారిన వాన, గోడల్లోంచి ఊరే నీళ్లు ఇందులోకే చేరతాయి. అడుగున సబ్‌మెర్సిబుల్ పంపు, దానికి తేలే ఫ్లోట్ స్విచ్. నీళ్లు పెరిగితే ఫ్లోట్ లేస్తుంది, మోటారు ఆన్. తగ్గితే వాలుతుంది, ఆఫ్. లోపలి రెక్కల చక్రం గిర్రున తిరిగి నీళ్లను పైపులోకి నెట్టి, పైన రోడ్డు కాలువలో పోస్తుంది. అవి వెనక్కి రాకుండా పైపులో నాన్ రిటర్న్ వాల్వ్ ఆపుతుంది.

100 చదరపు మీటర్ల ర్యాంపు మీద 10 సెంటీమీటర్ల వాన పడితే 10 వేల లీటర్లు. నిమిషానికి 200 లీటర్లు తోడే పంపుకి అది 50 నిమిషాల పని.

చిక్కల్లా రెండు చోట్ల. ఒకటి, గట్టి వానలోనే కరెంటు పోతుంది. జనరేటర్ లైన్ లిఫ్టుకి ఇస్తారు, ఈ మోటారుకి ఇచ్చారా? రెండోది, రోడ్డే నిండితే పంపు పైన పోసిన నీళ్లే ర్యాంపు మీంచి మళ్లీ దిగుతాయి. అందుకే ర్యాంపు మొదట్లో రోడ్డుకంటే ఎత్తుగా దిమ్మ కట్టాలి.

2024 జులై 27న ఢిల్లీ ఓల్డ్ రాజేందర్ నగర్‌లో కోచింగ్ సెంటర్ బేస్‌మెంట్‌లోకి వరద దూసుకొచ్చి ముగ్గురు సివిల్స్ విద్యార్థులు చనిపోయారు. రోడ్డు మీది నీళ్లు అలా విరుచుకుపడితే మన గుంటలోని చిన్న పంపు ఏ మూలకి?

నేనైతే ఏటా జూన్‌కి ముందే నాలుగు బకెట్ల నీళ్లు గుంటలో పోయించి చూస్తాను. ఫ్లోట్ లేవాలి, మోటారు తనంతట తను ఆన్ కావాలి. చెత్త, ఇసుక ఉంటే తీయించాలి. మీరూ ఈ ఆదివారం చూడండి.

నీళ్లు నిండాక మాత్రం బైకు కోసం కిందికి దిగొద్దు. చాలాచోట్ల కరెంటు మీటర్లు కూడా అక్కడే ఉంటాయి. "అన్నా, ఒకసారి మోటారు చూడవా" అని వాచ్‌మన్‌ని కూడా దింపొద్దు. ఆయన కుటుంబం సెల్లార్ గదిలో ఉంటే, ముందు వాళ్లని పైకి పిలవండి.