పాట పేరు అంచుమీద

గ్రామఫోను అనగానే మనకు పళ్ళెంలాంటి రికార్డే గుర్తుకు వస్తుంది. అంతకు ముందే పాట గొట్టంమీద ఉండేది. అమెరికాలో ఎడిసన్ 1877లో తగరపు రేకుమీద మాటను పట్టాడు. తరువాత మైనపు గొట్టాలు వచ్చాయి. వాటి గుర్తులు తెలుసుకోవడం ఉబుసుపోకకు కాదని మా మనవి. పొరపాటుపడితే పాటే పోతుంది.

1902 నుంచి ఎడిసన్ కంపెనీ అచ్చుపోసిన నల్లమైనపు గొట్టం రెండు నిమిషాలు పాడుతుంది. అంగుళానికి 100 చాళ్ళు. 1908లో వచ్చిన ‘అంబెరాల్’ కూడా నల్లమైనపుదే, కొలతా అదే. కాని అంగుళానికి 200 చాళ్ళు, నాలుగు నిమిషాల పాట. రెండు నిమిషాల ములుకు మొద్దుగా ఉంటుంది. అది ఈ సన్నచాళ్ళమీద నడిస్తే వాటిని దున్నేస్తుంది.

మరి తేడా కనిపెట్టడం ఎలాగ? గొట్టం చివరి అంచు చూడాలి. పాట పేరు, సంఖ్యలతోపాటు ‘4 ఎం’ అని ఉంటే అది నాలుగు నిమిషాలది. నీలంరంగుదైతే 1912 నుంచి 1929 వరకు తయారైన ‘బ్లూ అంబెరాల్’. పైన సెల్యులాయిడు, లోపల ప్లాస్టరు. మరీ పాతవైన గోధుమరంగు గొట్టాల అంచుమీద సాధారణంగా ఏమీ ఉండదు. పాటకు ముందు వినిపించే ప్రకటనే వాటి చిరునామా.

డబ్బామీది పేరును మాత్రం నమ్మవద్దు. మూతలు మారిపోవడం మామూలే. గొట్టం లోపల రెండు వేళ్ళుంచి ఎత్తండి, పైన చేయి తగలనీయకండి. గుర్తు చెరిగిపోతే భూతద్దంతో చాళ్ళు చూడండి. అప్పటికీ సందేహం తీరకపోతే ములుకు దించవద్దు. వినకపోయినా పాట మిగులుతుంది. తొందరపడి వింటే అదే ఆఖరు కావచ్చు.