పుట్టుక లేని పాతదనము

పురాతన వస్తువుల సంతలు మన పెద్ద నగరములలో ఏటేట హెచ్చుచున్నవి. అవి సంస్కృతికి దీపములని కొందఱు మిత్రులు సంతోషించుచున్నారు. నేను వారితో ఏకీభవింపజాలను. ఈ నడుమ హైదరాబాదులో జరిగిన యట్టి సంత యొకదానిలో రెండు దినములు తిరిగితిని. నాణెములు, తపాలా బిళ్లలు, ఇత్తడి సెమ్మెలు, గోడ గడియారములు, గ్రామఫోను పెట్టెలు, దేవతా విగ్రహములు, తాటాకులు. చూచుటకు రెండు కన్నులు చాలవు. వెల యెంతయని యడిగిన తక్షణమే చెప్పుదురు. ఇది యెక్కడిదని యడిగిన మాత్రము చిఱునవ్వు నవ్వి, "ఒక పాత యింటిలో దొరికినదండీ" యందురు. అన్ని బల్లల కడను ఇదే మాట. ఆ పాత యిల్లు ఏ యూరిలో నున్నదో, ఇన్ని వేల వస్తువులను తానొక్కటే యెట్లు దాచుకొన్నదో దేవునికే యెఱుక!

ఇది చిన్న లోపము కాదు. పుట్టుక తెలియని వస్తువు ఎవడు ఏ కథ చెప్పిన ఆ కథకు లొంగును. చరిత్ర యను పేర నచ్చట అమ్ముడుపోవుచున్నవి ఆ కథలే.

జనము మిక్కిలిగా మూగిన బల్ల కడకు రండు. అచ్చట రాగి బిళ్లలు గుట్టగా పోసియున్నవి. ఒక వైపున సీతాలక్ష్మణ హనుమత్సమేతుడైన శ్రీరాముడు. రెండవ వైపున ఆంగ్లాక్షరములలో "ఈస్టిండియా కంపెనీ, ఒక అణా, 1818". దొరలు సైతము రాముని మహిమకు లొంగి ముద్రించిరనియు, ఇంటనుంచిన సిరి కలుగుననియు బేరగాడు చెప్పుచున్నాడు. వెల రెండువేల రూపాయలు. చదువుకొన్న గృహిణులే కొనుచున్నారు.

ఆ బిళ్ల అబద్ధమని యెఱుగుటకు గొప్ప పాండిత్యము అక్కఱలేదు. బ్రిటిషు ఇండియాలో అణా నాణెము వాడుకలోనికి వచ్చినది 1906వ సంవత్సరపు నాణెముల చట్టము పిమ్మట, 1907లో. అదియు రాగి, నికెలు కలిసిన లోహముతో. అప్పటికి కంపెనీ పోయి దాదాపు అర్ధశతాబ్ది యైనది. మఱి కంపెనీవారు దేవతామూర్తులను ముద్రింపనే లేదా? ముద్రించిరి. చెన్నపట్టణమున విష్ణుమూర్తి గల బంగారు వరహాలు చిరకాలము వేసిరి; 1807 ప్రాంతపు వెండి అరవరహాపై ఒక ప్రక్క గోపురము, మఱియొక ప్రక్క విష్ణువు. అది భక్తి కాదు. అలవాటైన బొమ్మ లేనిదే మన వర్తకుడు నాణెమును చేతబట్టడని యెఱిగిన వ్యాపారబుద్ధి. రామటంకములును కలవు, అవి పూజకై చేసికొన్నవి, చెలామణికి కావు. గోలకొండ తానీషాకు రామలక్ష్మణులు వచ్చి మాడలు చెల్లించిరను రామదాసు కథ వినని తెలుగు బిడ్డ యుండడు. ఆ కథయే నేడు ఈ బేరగానికి పెట్టుబడి.

"భక్తితో పూజించుకొందురు, నీకేమి నష్టము?" అని యొక పెద్దమనిషి నన్ను గద్దించెను. అయ్యా, పూజకు రాముని రూపము చాలును. ఏ తిరునాళ్లలోనైనను చౌకగా దొరకును. 1818 అను అంకె యేల? రెండువేలు పోయుట ఆ అంకెకే కదా! కొన్నవారు రాముని కొనలేదు, దొంగ తేదీని కొనిరి.

ఇంతటితో ఆగిన బాగుండెడిది. రామబిళ్లను నమ్మినవాడు రెండువేలతో బయటపడును. "రైసు పుల్లరు"ను నమ్మినవాడు ఇల్లమ్ముకొనును. పిడుగు పడిన పాత రాగి చెంబు ఇరిడియమగునట, బియ్యపు గింజలను లాగునట, విదేశపు సంస్థలు కోట్లిచ్చి కొనునట! ఇరిడియము ప్లాటినము జాతి లోహము. అది బియ్యమును లాగదు, పిడుగు రాగిని దానిగా మార్చదు. లాగెడిది అయస్కాంతము, లాగబడునవి ఇనుపరజను పట్టించిన గింజలు. పదవ తరగతి పిల్లవాడు చెప్పగల యీ మాట తెలియక రెండు తెలుగు రాష్ట్రములందును ఎన్ని కుటుంబములు మునిగినవో! ట్రాక్టరు బొమ్మ గల అయిదు రూపాయల నోటుకు లక్షలిత్తుమని చరవాణిలో వచ్చు ప్రకటనలును ఈ కోవలోనివే. పాత నాణెముల, నోట్ల క్రయవిక్రయములతో తనకు సంబంధము లేదనియు, వానికై రుసుము లడుగుట లేదనియు రిజర్వు బ్యాంకు 1921 కాదు, 2021లో చాటవలసివచ్చెను. మన శతాబ్ద మేదో మఱచిపోవుదుమను భయముచే నిట్లు వ్రాసితిని.

పాతదానిలో ధనమున్నదను ఈ వెఱ్ఱి గుడులను కూడ విడువలేదు. గుప్తనిధులకై నందుల పొట్టలు చీల్చుచున్నారు, లింగములను పెకలించుచున్నారు. పది రూపాయలకు మించిన నిక్షేపము దొరికిన కలెక్టరునకు తెలుపవలెనని 1878 నాటి చట్టము. నూఱేండ్లు దాటిన పురావస్తువులతో అనుమతిపత్రము లేక వ్యాపారము చేయరాదని 1972 నాటి చట్టము. చట్టములకు కొఱత లేదు. కొనువాడు ప్రశ్నింపడు, అదియే కొఱత. ప్రకాశము జిల్లా చందవరపు బౌద్ధ శిలాఫలక మొకటి దొంగల చేతబడి సముద్రములు దాటగా, 2005లో ఆస్ట్రేలియా జాతీయ కళాశాల దానిని కొన్నది. 2016లో గాని అది మనకు తిరిగి రాలేదు. అంతటి సంస్థయే పుట్టుకను సరిగా విచారింపక కొన్నప్పుడు మన సంతబేరగాడు విచారించునా?

సంత నంతటిని నేను తెగడుట లేదు. ఒక మూల నొక వృద్ధుడు 1808 నాటి ఇరువది కాసుల రాగి నాణెము నమ్ముచుండెను. బర్మింగుహాములో బోల్టను టంకశాలయందు చెన్నపట్టణపు వాడుకకై ముద్రించినది. ఒక వైపు కంపెనీ చిహ్నము; రెండవ వైపు, ఇరువది కాసులు నాలుగు ఫలూసులని పారసీకమున. ఇట్టివానిని మోసికొని వచ్చుచున్న "ఆడ్మిరల్ గార్డ్నరు" అను ఓడ 1809 జనవరిలో ఇంగ్లండు తీరముననే మునిగినది. 1980 తరువాతి సంవత్సరములలో లక్షల కొలది కాసులు వెలికి వచ్చినవి. మన పూర్వుల సంచులలోనికి రావలసిన రాగి! వెల కొద్ది వందలు. ఇన్ని సంగతులు చెప్పు నాణెమును అడుగువాడు లేడు. అబద్ధమాడు బిళ్ల కడ త్రొక్కిసలాట.

నన్ను మిక్కిలి బాధించినది తాటాకుల బల్ల. ఒక్కొక్క ఆకును విడదీసి అద్దపు చట్రములలో బిగించి గదుల యలంకారమునకై యమ్ముచున్నారు. చేతబట్టి చదివితిని, ఏదో వ్యాకరణ వ్యాఖ్య, వాక్యము నడుమ ప్రారంభమై నడుమనే ముగిసినది. అంచున పత్రసంఖ్య యున్నది. దాని ముందటి యాకు ఎవరి గోడపై వ్రేలాడుచున్నదో! వ్రాసినవాని పేరు గల కడపటి పత్రము ఎచ్చటికి పోయినదో! కట్టను కట్టగా అమ్మిన రానంత ధనము ఆకులుగా అమ్మిన వచ్చునని అంగడివాడు నాతో దాపరికము లేకయే చెప్పెను.

ఈ యాకులు మన యటకల మీదనుండి పోయినవే. కావున గృహస్థులకు నా మనవి: తాతల నాటి కట్టలున్నయెడల హైదరాబాదు, చెన్నపట్టణముల ప్రాచ్యలిఖిత గ్రంథాలయములకో, తిరుపతి ప్రాచ్య పరిశోధన సంస్థకో ముందుగా చూపుడు. సెమ్మెనో చెంబునో అమ్మకతప్పని స్థితి వచ్చినయెడల ఏ యూరిదో, ఎవరు వాడిరో, ఏ పెండ్లికి వచ్చినదో ఒక కాగితముపై వ్రాసి దానితో కూడ నిండు. ఆ కాగితమును పుచ్చుకొననన్న వర్తకునకు వస్తువు నీయకుడు.